ఒకటిన్నర స్పీడులో ఛోటీ బహూ

మా రోజుల్లో సినిమాకి వెళ్తే సినిమాయే చూసేవాళ్లం. ఇందులో గొప్పేముందని మీరనొచ్చు. ఇప్పుడు అలా చూసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నోరు మూసుకుంటాను. తెర మీద ఒకావిడ మొగుడి కోసం కుమిలిపోతుంటే, ఇటు సోఫాలో ఒకడు బిర్యానీ ఎక్కడిదాకా వచ్చిందో ఫోనులో చూసుకుంటాడు. ఇంకొకామె చిక్కుళ్లకు ఈనె తీస్తూ మధ్యమధ్య తలెత్తుతుంది. మూడోవాడు సినిమా సగంలో ఉండగానే అందులో వేసినవాళ్లకి ఎన్ని పెళ్లిళ్లయ్యాయో, ఎవరెప్పుడు పోయారో చదివేస్తాడు. కథ చివర ఏమవుతుందో కూడా అక్కడే రాసి ఉంటుంది కాబట్టి మిగతాది చూడక్కర్లేదట. దీన్ని సినిమా చూడటం అంటున్నారు. సరే, అనుకోండి.

ఇవాళ నా గొణుగుడంతా ఒక్క సినిమా గురించి. 1962లో వచ్చిన ‘సాహిబ్ బీబీ ఔర్ గులామ్’. గురుదత్ నిర్మించాడు, దర్శకుడిగా పేరు అబ్రార్ అల్వీది. విమల్ మిత్ర బెంగాలీ నవల దీనికి మూలం. హిందీకంటే ముందే, 1956లో, ఉత్తమ్ కుమార్‌తో బెంగాలీలో ఒకసారి తీశారు కూడా. పంతొమ్మిదో శతాబ్దం చివరి కలకత్తాలో ఒక జమీందారీ కుటుంబం, ఆ ఇంటి చిన్నకోడలు, రాత్రిపూట ఇంట్లో ఉండని మొగుడు, ఆమె గోడు వినే ఒక పల్లెటూరి కుర్రాడు. కథంటే అంతే. ఫిల్మ్‌ఫేర్ వాళ్లు ఆ ఏటి ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి బహుమతులు దీనికే ఇచ్చారు. ఉత్తమ నటి పోటీలో నిలిచిన మూడు పాత్రలూ మీనాకుమారివే. ‘ఆర్తి’, ‘మై చుప్ రహూంగీ’, ఇదీ. ఆవిడతో ఆవిడే పోటీపడి ఆవిడే గెలిచింది. 1963లో బెర్లిన్ ఉత్సవానికి కూడా వెళ్లిందీ సినిమా. ఇవన్నీ మీ ఫోనులోనూ దొరుకుతాయి. దొరకనివి చెప్పడానికే ఇంత కాగితం ఖరాబు చేస్తున్నాను.

అప్పట్లో హైదరాబాదులో హిందీ సినిమా అంటే మాకు పరాయి సరుకు కాదు. బడిలో తెలుగు, గల్లీలో ఉర్దూ. అర్థం కాని మాట వస్తే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి అడిగేవాళ్లం. వాడు చెప్పేలోపు తర్వాతి మాట పోయేది. ఆడవాళ్లకు వేరే వరసలు. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవాడు. నాసిరకం కాగితం, సగం అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి. అయినా కొని దాచుకునేవాళ్లం, ఎందుకంటే సినిమా ఊరు వదిలి వెళ్లిపోయాక మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు నొక్కితే వస్తుంది, వద్దంటే ఆగుతుంది, విసుగేస్తే పరిగెడుతుంది. ఎప్పుడైనా దొరికేదాన్ని ఎవరూ ఎప్పుడూ సరిగ్గా చూడరు. నా మాట రాసి పెట్టుకోండి.

ఈ సినిమాలో మనకి చుట్టరికం కూడా ఉంది. అందులో జబా వేషం వేసిన వహీదా రెహమాన్ విశాఖపట్నంలో చదువుకున్న పిల్ల. 1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకి ఆవిడ వేసిన చిందు చూసి ఆంధ్రదేశం ఊగిపోయింది. ఆ పేరు విని, హైదరాబాదులో ఆవిడను చూసి బొంబాయి తీసుకుపోయింది గురుదత్తే. రెండో చుట్టరికం ఇంకా వింతది. ఆ హవేలీలో గడియారాలకు కీ ఇస్తూ తిరిగే ఒక పిచ్చి ముసలాయన ఉంటాడు, ఘడీబాబు. ఆ వేషం వేసింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడి తమ్ముడు, పుట్టింది హైదరాబాదులోనే. కవి, నటుడు. పైగా 1952లో మన విజయవాడ నుంచి తొలి లోక్‌సభకి గెలిచి వెళ్లిన మనిషి. విజయవాడ మాజీ ఎంపీ ఒకాయన కలకత్తా జమీందారుల గడియారాలు చూస్తూ, మీ కాలం అయిపోవచ్చిందిరా అని అరుస్తుంటాడన్నమాట. ఈ సంగతి మా మనవరాలికి చెబితే, ‘నిజమా తాతయ్యా?’ అని ఫోనులో వెతికింది. తాతయ్య చెబితే చాలదు, ఫోను సంతకం పెట్టాలి.

కథలోకి వస్తాను. భూత్‌నాథ్ అనే అమాయకుడు ఊరి నుంచి కలకత్తా వస్తాడు. ఆ వేషం గురుదత్‌దే. చౌధురీల హవేలీలో తలదాచుకోవడానికి చోటు, బయట ‘మోహినీ సిందూరం’ తయారుచేసే కార్ఖానాలో ఉద్యోగం. ఆ సిందూరం పెట్టుకుంటే మొగుడు కొంగు పట్టుకుని తిరుగుతాడని ప్రకటన. ఆ ప్రకటన సంగతి హవేలీ లోపలిదాకా పాకి, చిన్నకోడలు ఛోటీ బహూ చెవిన పడుతుంది. నౌకరు బన్సీని పంపి భూత్‌నాథ్‌ని పిలిపిస్తుంది. గుట్టుగా ఒక భరిణె సిందూరం తెచ్చిపెట్టమంటుంది. అంత పెద్దింటి కోడలు, ఒంటినిండా నగలున్న మనిషి, మొగుడు తన గదికి రావాలంటే బజారు సిందూరాన్ని నమ్ముకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మాత్రం అప్పటికీ ఇప్పటికీ తేడా లేదని ఒప్పుకోవాలి. పేపర్లో చిన్న ప్రకటనల పేజీ చూడండి. స్త్రీ పురుష వశీకరణం, భార్యాభర్తల గొడవలు ఇరవై నాలుగు గంటల్లో మాయం. ఫోను తెరిస్తే ఒకాయన నిమ్మకాయ పట్టుకుని అవే మాటలు. లోకం చంద్రుడి మీదకి పోయినా మోహినీ సిందూరం డబ్బా ఖాళీ కాలేదు. కాకపోతే ఆ సినిమాలో కార్ఖానా యజమాని సువినయ్ బాబు బ్రహ్మసమాజం మనిషి. ఏ మహిమా లేని సరుకు అమ్ముతున్నానన్న ముల్లు ఆయన గుండెలో గుచ్చుకుంటూ ఉండేది. ఇప్పటి నిమ్మకాయ స్వాములకి ఆ బాధ కూడా లేదు.

ఛోటీ బహూ మనకి మొదటిసారి కనబడే ఘట్టం గురించి చెప్పి తీరాలి. భూత్‌నాథ్ తలొంచుకుని గదిలోకి వస్తాడు. పరాయి ఇంటి ఆడమనిషి, ఎలా తలెత్తుతాడు? అందుకని మనకీ అతను చూసేదే కనబడుతుంది. తివాచీ, దాని మీద అడుగులు, ఆ తర్వాత పారాణి పెట్టిన రెండు పాదాలు. గొంతు మాత్రం వినబడుతుంది. పేరేమిటని అడుగుతుంది. చెబుతాడు. దేవుడి పేరు కదా, మంచి పేరంటుంది. అప్పుడు గానీ అతను తలెత్తడు. అప్పుడు గానీ కెమెరా ఆ ముఖం దగ్గరికి జరగదు. అంతసేపు ఆపి చూపించారు కాబట్టి, ఆ ముఖం కనబడగానే హాలంతా ఒక్కసారిగా ‘అబ్బ’ అంది. అందగత్తెలను మేమూ బోలెడంతమందిని చూశాం. ఆ ‘అబ్బ’ అందానికి పడింది కాదు, ఎదురుచూపుకి పడింది.

ఈ ఘట్టాన్నే ఆమధ్య మా ఇంట్లో టీవీలో పెట్టించాను. తివాచీ మీద అడుగులు పడుతున్నాయి. మనవరాలు రిమోటు అందుకుని, ‘తాతయ్యా, బాగా స్లోగా ఉంది, ఒకటిన్నరలో పెట్టనా?’ అంది. ఏమిటా ఒకటిన్నర అన్నాను. స్పీడట. మనుషులు ఒకటిన్నర రెట్లు వేగంగా నడుస్తారు, మాట్లాడతారు, ఏడుస్తారు. యాభై నిమిషాలు మిగులుతాయి. ఆ మిగిలిన నిమిషాలతో ఏం చేస్తావే అంటే, ఇంకో సినిమా ఒకటిన్నరలో చూస్తుందట. నేను వద్దనేలోపే నొక్కేసింది. ఛోటీ బహూ కీచుగొంతుతో గబగబా పేరడిగింది, భూత్‌నాథ్ గబగబా చెప్పాడు, ముఖం టప్పున కనబడింది. ‘బాగుంది’ అంది మనవరాలు. ఏం బాగుంది, నా బొంద!

ఈ సినిమా గురించి నా పేచీ అంతా ఇక్కడే. ఈ కథలో ఆ ఇల్లాలికొచ్చిన కష్టం ఏమిటి? తిండికి లోటా? గుడ్డకి లోటా? అత్త ఆరళ్లా? ఏవీ కాదు. ఆవిడ జబ్బు పేరు రాత్రి. సాయంత్రం దీపాలు పెట్టేవేళ మొగుడి గుర్రపుబండి గేటు దాటుతుంది, తెల్లారితే గానీ తిరిగి రాదు. ఆ రెంటికీ మధ్య ఉన్న గంటలన్నీ ఆవిడవే. అలంకరించుకుంటుంది, అద్దం చూసుకుంటుంది, పక్క సర్దుతుంది, చప్పుడైతే తలెత్తుతుంది. ఆ గంటలు ఎంత పొడుగో తెలియాలంటే మనమూ కొంతసేపు కూర్చోవాలి కదా. ఒంటరితనాన్ని గబగబా చూపించడం కుదరదు. తొందరపెట్టారా, ఆవిడ ఎవరో తాగుబోతు జమీందారు పెళ్లాంగా మిగులుతుంది, అంతే. అదే హవేలీలో పెద్దకోడలు విధవరాలు. రోజంతా చేతులు కడుక్కుంటూనే ఉంటుంది. చేసేందుకు పనిలేని ఆడమనిషి ఆ ఇంట్లో ఏమవుతుందో ఆవిడే సాక్ష్యం. ఒకటిన్నర స్పీడులో చూస్తే ఆవిడ చేతులు ఒక్కసారే కడుక్కున్నట్టు అనిపించింది మా మనవరాలికి.

మొగుడు ఛోటే బాబు వేషం రెహమాన్‌ది. అచ్చం జమీందారే. కండువా సర్దుకోవడంలోనే అహంకారం కనబడేది. ఉండిపొమ్మని పెళ్లాం బతిమాలితే అతను చేసే ఉపదేశం నాకు ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది. ఈ వంశం మగవాళ్ల నెత్తురు ఒక్క పెళ్లాంతో చల్లారేది కాదట. తోచకపోతే గవ్వలాడుకోవాలట, ఉన్న నగలు చెరిపించి కొత్తవి చేయించుకోవాలట. ఆ తెలివితక్కువ సలహా చెప్పేటప్పుడు అతనికి కోపం కూడా ఉండదు, అదీ భయంకరం. ఇంటి రివాజు చెబుతున్నాడంతే. బయట ఆడది తాగినట్టు తాగగలవా, పాడినట్టు పాడగలవా అని అడుగుతాడు. అప్పుడు ఆ నిష్ఠాపరురాలు, పూజలూ వ్రతాలూ తప్ప మరొకటి ఎరగని మనిషి, మొగుణ్ణి ఇంట్లో నిలుపుకోవడానికి గ్లాసు అందుకుంటుంది. పాతివ్రత్యం కోసం తాగుడు! ఇంత గడ్డు సంగతి 1962లో చెప్పారు. తాగించినవాడు కొన్నాళ్లకి మళ్లీ బండెక్కాడు, తాగుడు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

తూలుతూ మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్లొద్దని పాడే పాట ఉంది కదా, హేమంత్ కుమార్ బాణీ, షకీల్ బదాయూనీ మాట, గీతాదత్ గొంతు. అది విన్నవాళ్లు మళ్లీ ఎక్కడ విన్నా ఆగిపోతారు. ఆ పాటలో మీనాకుమారి నవ్వుతుంది, కసురుకుంటుంది, బతిమాలుతుంది, మళ్లీ నవ్వుతుంది. ఒక్క చోట కూడా తాగినట్టు నటించదు. తాగినవాళ్లు తాగనట్టు కనబడాలని చేసే ప్రయత్నమే ఉంటుంది. ఇప్పటి వాళ్లకి తాగిన వేషమిస్తే సీసా పట్టుకుని గోడలకి గుద్దుకుంటారు, కింద ఆరోగ్య హెచ్చరిక వేస్తారు.

ఇక చీకటి సంగతి. ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి, మైసూరు మనిషి. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇచ్చారాయనకి, కెమెరా పట్టినవాళ్లలో అది అందుకున్న మొదటివాడు. ఛోటే బాబు వెళ్లే నాచ్ మహల్లో ఒక పాట ఉంటుంది. మధ్యలో మినూ ముంతాజ్ మీద వెలుగు, చుట్టూ ఆడే పిల్లలందరి ముఖాలూ నీడలోనే. పాట అయ్యేదాకా ఒక్కరి మొహమైనా వెలుగులోకి రాదు. ఇంటి కోడలికి ముఖం ఉన్నా చూసేవాడు లేడు, ఇక్కడ ఆడేవాళ్లకి అసలు ముఖాలే లేవు. అదంతా ఒక్క మాట లేకుండా దీపాలతో చెప్పాడాయన. మీ సీరియళ్లలో అర్ధరాత్రి రెండింటికి కోడలు నిద్రలేస్తే గదిలో పెళ్లిపందిరంత వెలుగుంటుంది. పట్టుచీర మడత నలగదు, ఆవిడ ఏడిస్తే మూడు కోణాల నుంచి మూడుసార్లు చూపిస్తారు.

రంగు తెలియక నలుపు తెలుపులో తీశారనుకునేరు. అంతకు రెండేళ్ల ముందే, 1960లో, ‘చౌద్‌వీ కా చాంద్’లో ఒక పాటని గురుదత్ రంగుల్లో తీయించాడు. అంతకు ముందు ఏడాది ‘కాగజ్ కే ఫూల్’తో మన దేశానికి సినిమాస్కోప్ తెచ్చిందీ ఆయనే. కొత్త యంత్రాలంటే భయపడే మనిషి కాదు. 2010లో ‘మాయాబజార్’కి రంగులేశారు, వెయ్యనివ్వండి, అందులో లడ్డూలకీ గారెలకీ రంగుంటే కాస్త నోరూరుతుందేమో. ఈ హవేలీ జోలికి మాత్రం రావద్దని నా మనవి. ఆ మెట్ల మీది చీకటికి ఏం రంగు వేస్తారు?

ద్రోహం గురించి చెప్పకుండా ఈ సినిమా గురించి చెప్పినట్టు కాదు. మా రోజుల్లో మగాడు ఇల్లు దాటి పోవాలంటే నానా హంగామా. అత్తరు పూసుకోవాలి, ధోవతి కుచ్చెళ్లు సర్దుకోవాలి, బండి కట్టించాలి. గేటు చప్పుడుకి ఇంట్లోవాళ్లకే కాదు, వీధి వీధంతటికీ తెలిసేది. ఇప్పుడు బండి అక్కర్లేదు. సోఫాలో పెళ్లాం పక్కనే కూర్చుని, కాఫీ తాగుతూనే వెళ్లిపోతాడు. అలాగే ఆవిడ కూడా, మరో ఫోనులోంచి. ఒకే గదిలో ఇద్దరు, ఇద్దరూ ఊళ్లో లేరు. ఛోటీ బహూకి కనీసం ఆయన లేడని తెలిసేది. ఇప్పటి పిల్లలకి పక్కనున్న మనిషి ఉన్నాడో లేడో కూడా పోల్చుకోవడం కష్టం. అయినా ఇప్పటి కథల్లో ఎవరూ మౌనంగా ఉండరు. మొగుడు పది నిమిషాలు సంజాయిషీ చెప్తాడు, పెళ్లాం పది నిమిషాలు సంజాయిషీ చెప్తుంది, ఆ మూడో మనిషి కూడా తన బాల్యంలో ఏం జరిగిందో చెప్తుంది. పది భాగాలయ్యేసరికి తప్పు ఎవరిదీ కాదని తేలుతుంది. మరి మమ్మల్ని ఎందుకు కూర్చోబెట్టినట్టు?

ఈ సినిమా ఎవరినీ వదలదు. ఛోటే బాబు తన సాని ఇంట్లో జరిగిన గొడవలో దెబ్బలు తిని, చచ్చుబడి మంచాన పడతాడు. ఇన్నాళ్లూ రాని మొగుడు ఇప్పుడు ఎక్కడికీ పోలేడు. ఆవిడ అప్పుడు కూడా అతన్ని బాగుచేసుకోవాలనే చూస్తుంది. ఎవరో సాధువు నయం చేస్తాడని విని, రాత్రివేళ భూత్‌నాథ్‌ని తోడు తీసుకుని బండెక్కుతుంది. ఆ ఒక్క ప్రయాణమే. దాన్ని బావగారు మఝ్‌లే బాబు చూశాడు. ఇంటి పరువు పోయిందన్నాడు. మనుషుల్ని పంపించాడు. భూత్‌నాథ్ ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ఛోటీ బహూ లేదు, ఏమైందో చెప్పేవాళ్లు లేరు. ఏళ్ల తర్వాత అదే భూత్‌నాథ్ ఓవర్సీరై ఆ పాడుబడ్డ హవేలీని కూలగొట్టిస్తుంటే, మట్టిలో ఒక ఎముకల గూడు బయటపడుతుంది. చేతికి కంకణం.

లెక్క చూడండి. మొగుడు ఏళ్ల తరబడి రోజూ బండెక్కాడు. దాని పేరు రివాజు. పెళ్లాం ఒక్క రాత్రి బండెక్కింది, అదీ మొగుడి కోసమే. దాని పేరు వ్యభిచారం. ఆ ఇంట్లో ఒక్క మగాడికి కూడా ఈ లెక్క తప్పనిపించలేదు.

హాలులో కూర్చున్నవాళ్లకి తప్పనిపించిందా? ఇక్కడే మా కాలాన్ని కూడా కాస్త తిట్టాలి. ఎప్పుడూ మిమ్మల్నే తిడితే న్యాయం కాదు. ఆ బండి ప్రయాణంలో మొదట ఒక పాట ఉండేది, హేమంత్ కుమారే పాడింది. ఛోటీ బహూ భూత్‌నాథ్ ఒళ్లో తల వాల్చుకుంటుంది. సినిమా విడుదలైన కొత్తలో జనం అది చూడలేకపోయారు. పరాయి మగాడి ఒళ్లో తలా అని ముఖం చిట్లించారు. గురుదత్ ఆ పాట తీసేశాడు, దాని బదులు ఇద్దరూ మాట్లాడుకునే ఘట్టం పెట్టాడు. మా దగ్గరికి వచ్చిన సినిమాలో ఆ పాట లేనే లేదు. ఆ బాణీని హేమంత్ కుమార్ దాచుకుని 1966లో ‘అనుపమ’లో వాడుకున్నాడు, అందరూ శభాష్ అన్నారు. నాచ్ మహల్లో ఛోటే బాబు సాని పక్కన బాలీసుకి ఆనుకుని కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, ఆ పాటకి నేల క్లాసులో చిల్లర కూడా విసిరారు. అలిసిపోయిన ఆడమనిషి ఒక స్నేహితుడి ఒళ్లో ఒక్క నిమిషం తల వాల్చేసరికి లోకం తల్లకిందులైపోయింది. మఝ్‌లే బాబు తెర మీద ఒక్కడే, హాల్లో బోలెడంతమంది.

సినిమా చూసి వచ్చిన రోజు మా నాన్న పడక్కుర్చీలో కూర్చుని, ఎంత పతివ్రతో చూశారా, ఎంత కష్టపడిందో చూశారా అని కళ్లు తుడుచుకున్నాడు. వంటింట్లోంచి మా అమ్మ, ‘ఆవిణ్ణి చూసి ఏడవడానికి టికెట్టు కొన్నారు గానీ, అన్నం చల్లారిపోతోందని రోజూ నేను పిలిస్తే రారేం?’ అంది. ఆయన ఆ వేళ మాట్లాడకుండా లేచి వెళ్లి తినేశాడు. మర్నాటి నుంచి మామూలే. అరుగు మీద చీట్లాట, అమ్మ మూతపెట్టిన కంచం.

ఇవన్నీ చెప్పాక మనవరాలు ఒక ప్రశ్న వేసింది. ‘అతన్ని వదిలేసి పోవచ్చు కదా తాతయ్యా?’ ఎక్కడికే అన్నాను. ఆ కాలంలో హిందూ ఇల్లాలికి విడాకులన్న దారే చట్టంలో లేదు. హిందూ వివాహ చట్టం వచ్చిందే 1955లో. సినిమా వచ్చేనాటికి ఆ చట్టానికి ఏడేళ్లు. హాల్లో ఉన్న ఆడవాళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు ఎంతమందో, తెలిసినా కోర్టు మెట్లెక్కే ధైర్యం ఎంతమందికో నాకైతే అనుమానమే. ఛోటీ బహూ చేతికి తగిలిన తలుపులు మూడే. పూజగది, పడగ్గది, బీరువాలోని సీసా. ఈ మూడూ చూపించి, నాలుగోది వెతుక్కోలేదేమని అడక్కూడదు.

‘మరి జబా?’ అంది. పిల్ల ఫోను చూస్తూనే అంతా పట్టుకుంది, ఒప్పుకుంటాను. అదే కలకత్తాలో, అదే రోజుల్లో, సువినయ్ బాబు కూతురు జబా చదువుకుంది, పాడుతుంది, భూత్‌నాథ్‌ని ఆట పట్టిస్తుంది, ఎవరికీ తలవంచదు. చివరికి ఆవిడ చిన్నప్పుడు భూత్‌నాథ్‌తోనే పెళ్లయిన పిల్ల అని తేలుతుంది. ఇంత ఆధునికంగా పెరిగిన పిల్లకి కూడా మొగుడు బొమ్మలపెళ్లి వయసులోనే రాసిపెట్టి ఉన్నాడు. అతను మంచివాడు కాబట్టి బతికిపోయింది. మేడలో ఉన్నావిడకి ఆ అదృష్టం తప్పింది. ఆడపిల్ల జీవితం మొగుడి మంచితనం మీద వేసిన పందెంలా ఉండేదని ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఉపన్యాసం ఒక్కటి లేదు.

‘మరి మీరంతా అంత ఏడ్చి ఏం చేశారు?’ అని ఇంకో ప్రశ్న. పిల్లలకి కొంచెం చదువు ఎక్కువైతే ఇదీ గోల. ఏడ్చాం, అంతే. ఏడ్చినవాళ్లలో కొందరు తమ కూతుళ్లని కాలేజీకి పంపించారు. మా అమ్మ మా చెల్లెల్ని పంపించింది, నాన్న వద్దన్నా వినలేదు. సినిమా చూసే పంపించిందని చెప్పను, అలాంటి కథలు నేను నమ్మను. ఆవిడ అంతకుముందు నుంచే ఆ ఇంట్లో ఉంది కాబట్టి ఆవిడకి సినిమా అక్కర్లేదు. నాన్నకి మాత్రం అవసరమే, ఆయనకి అదీ చాల్లేదు.

ఇప్పుడు ఈ సినిమా పేరెత్తితే అందరూ మాట్లాడేది మీనాకుమారి తాగుడు గురించి, గురుదత్ చావు గురించి. గురుదత్ 1964 అక్టోబరులో పోయాడు. మీనాకుమారి 1972 మార్చిలో, ముప్పై ఎనిమిదేళ్లకే, కాలేయం చెడి పోయింది. ఆ ఏడే జూలైలో గీతాదత్ కూడా. నిజమే, బాధాకరమే. కానీ ఆ మూడు చావుల మీద ఎర్ర అక్షరాలు వేసి, విషాద సంగీతం పెట్టి, పది నిమిషాల వీడియోలు చేసి అమ్ముకుంటున్నారే, వాళ్లకి ఆవిడ పారాణి పాదాలు కావాలా, గీత గొంతు కావాలా? ఆవిడ నిజంగా తాగేది కాబట్టే అంత బాగా చేసిందట! అయితే రెహమాన్ నిజంగా జమీందారా, హరీంద్రనాథ్ గడియారాల రిపేరీ చేసేవాడా? నటన అనేది ఒకటుందనీ, దానికి ఒళ్లు వంచి పనిచెయ్యాలనీ ఎవరూ చెప్పరు. ఒకరి కష్టాన్ని వాళ్ల కర్మ కింద జమ కట్టెయ్యడం మనకి ఎంత తేలికో.

మేం సిగ్గు పేరు చెప్పి ఆవిడ తల వాల్చుకున్న ఒక్క నిమిషాన్ని కోసేశాం. మీరు తీరిక లేదని ఆవిడ రాత్రులన్నీ కోసేస్తున్నారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ పాపం చేశారో ఘడీబాబు లాంటివాడెవరైనా తేల్చాలి. నా ఓటు మాత్రం మీకు వ్యతిరేకంగానే. మేం కోసిందాన్ని దేశమంతా మళ్లీ మరో సినిమాలో విని మెచ్చుకుంది. మీరు కోసింది మీకే తెలియదు.

అందుకని ఒక్క షరతు. రెండున్నర గంటల సినిమా. ఫోను పక్కగదిలో పెట్టి, చిక్కుళ్లు రేపటికి ఉంచి, రిమోటు నాలాంటి ముసలాడి చేతికిచ్చి కూర్చోండి. ఛోటీ బహూ అన్నేళ్లు కూర్చుంది, మీరొక్క సాయంత్రం కూర్చోలేరా? పూర్తిగా చూశాక నచ్చలేదని తిట్టండి, పడతాను, ఎదురు కాఫీ కూడా ఇప్పిస్తాను. ఒకటిన్నరలో చూసి తిట్టారో, నా నోరు అసలే మంచిది కాదు.